స్టీరియో పెడల్‌కి బైపాస్: 4పీడీటీ, రిలే, చిప్ స్విచ్‌లలో ఏది ఎవరికి?

నేను కట్టిన మొదటి స్టీరియో కోరస్ పెడల్ (గిటార్ శబ్దానికి ఎఫెక్ట్ ఇచ్చే, కాలితో తొక్కే పెట్టె) నెల రోజులు ఇంట్లో బుద్ధిగా పనిచేసింది. తర్వాత మారతహళ్ళి వైపు ఒక చర్చిలో గిటార్ వాయించే మా బాబాయి కొడుకు అడిగి పట్టుకెళ్ళాడు. ఆదివారం మధ్యాహ్నం ఫోన్. "అన్నా, ఎడమ స్పీకర్లో కోరస్ వస్తే కుడివైపు రావట్లేదు. మళ్ళీ తొక్కితే కుడివైపు వస్తోంది, ఎడమవైపు పోతోంది. రెండూ ఒకేసారి రావా?" ఎడాప్టర్ పీకి మళ్ళీ పెట్టమన్నాను. సర్దుకుంది. రెండు వారాల తర్వాత మళ్ళీ అదే ఫోన్.

తప్పు నాదే. మోనో పెడల్స్ కోసం చేసిన రెడీమేడ్ రిలే (కాయిల్‌లో కరెంటు పారితే కాంటాక్ట్ మార్చే స్విచ్) బోర్డులు రెండు కొని, ఒకే ఫుట్‌స్విచ్ నుంచి రెండింటికీ వైర్లు లాగాను. ఒక్కో బోర్డు మీద ఒక్కో బుల్లి మైక్రోకంట్రోలర్ ఉంది. స్విచ్ నొక్కగానే లోపలి రేకు కొన్ని మిల్లీసెకన్లపాటు టకటకా కొట్టుకుంటుంది. ఆ కొట్టుకోవడాన్ని ఒక బోర్డు ఒక నొక్కుగా లెక్కేసింది, రెండోది ఎప్పుడో ఒకసారి రెండు నొక్కులుగా లెక్కేసింది. అక్కడి నుంచి రెండూ ఎడమొహం పెడమొహం. ఒకదాని పరిస్థితి రెండోదానికి తెలిసే దారి నేను పెట్టలేదు.

మోనో పెడల్ కట్టేటప్పుడు బైపాస్ గురించి, అంటే ఎఫెక్ట్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్ పోయే దారి గురించి, చివర్లో ఆలోచించినా నడిచిపోతుంది. స్టీరియోలో అలా కుదరదు. పెట్టె సైజు, కరెంటు లెక్క, జాక్‌ల చోటు, వైర్ల దారి అన్నీ బైపాస్ పద్ధతిని బట్టే మారతాయి. కాబట్టి సర్క్యూట్ ఏదనే ప్రశ్న కాసేపు పక్కన పెట్టండి.

## ముందు లెక్కపెట్టాల్సింది: ఎన్ని తీగలు మారాలి

ట్రూ బైపాస్ అంటే పెడల్ ఆఫ్‌లో ఉన్నప్పుడు సిగ్నల్ సర్క్యూట్‌ని తాకకుండా, ఇన్‌పుట్ జాక్ నుంచి ఔట్‌పుట్ జాక్‌కి నేరుగా వెళ్ళిపోవడం. మోనోలో దీనికి రెండు చోట్ల దారి మార్చాలి: ఇన్‌పుట్ దగ్గర ఒకటి, ఔట్‌పుట్ దగ్గర ఒకటి. ఎల్‌ఈడీకి మూడోది. అందుకే అందరూ వాడే 3పీడీటీ ఫుట్‌స్విచ్‌లో మూడు పోల్స్, అంటే ఒకే తొక్కుకి కలిసి మారే మూడు స్విచ్‌లు, తొమ్మిది కాళ్ళు.

స్టీరియోలో రెండు రకాలున్నాయి. చాలామంది ఇక్కడే తడబడతారు. ఒక ఇన్‌పుట్, రెండు ఔట్‌పుట్‌లు ఉండే పెడల్ అయితే మూడు ఆడియో మార్పులు, ఒక ఎల్‌ఈడీ, మొత్తం నాలుగు. పన్నెండు కాళ్ళ 4పీడీటీ సరిగ్గా సరిపోతుంది. రెండు ఇన్‌పుట్‌లు, రెండు ఔట్‌పుట్‌లు అయితే ఆడియోకే నాలుగు కావాలి, ఎల్‌ఈడీతో ఐదు. ఐదు పోల్స్ ఉన్న ఫుట్‌స్విచ్ కోసం కొట్లన్నీ తిరగకండి, అది మామూలుగా దొరికే వస్తువు కాదు.

మీకు నిజంగా రెండు ఇన్‌పుట్‌లు కావాలా? గిటార్ నుంచి వచ్చేది మోనోనే. మీ బోర్డులో సిగ్నల్‌ని రెండుగా చీల్చే మొదటి పెడల్ ఇదే అయితే ఒక ఇన్‌పుట్ చాలు. దీని ముందు ఇంకో స్టీరియో పెడల్ ఉంటేనే, లేదా కీబోర్డ్ కూడా దీనిలోంచి పోనిస్తామంటేనే రెండు ఇన్‌పుట్‌లు. ఈ ఒక్క ప్రశ్నకి నిజాయితీగా జవాబు చెప్పుకుంటే సగంమందికి రిలే అవసరమే పడదు.

## మిగతా కొలతలు

పవర్ పోతే ఏమవుతుంది? పవర్ కట్ కాకపోయినా, స్టేజీ మీద ఎవరి కాలో తగిలి ఎడాప్టర్ ఊడిపోవచ్చు. అప్పుడు గిటార్ శబ్దం మామూలుగా వెళ్తుందా, నోరు మూసుకుంటుందా? తిరిగి పవర్ వచ్చాక పెడల్ ఏ స్థితిలో మేలుకుంటుంది?

ఎంత కరెంటు తాగుతుంది? పెడల్‌బోర్డ్ పవర్ సప్లైల్లో చాలావాటికి ఒక్కో ఔట్‌పుట్ 100 మిల్లీఆంప్స్ దగ్గర ఆగిపోతుంది. ఉదాహరణకి రెండు పీటీ2399 చిప్‌లతో స్టీరియో డిలే కడితే వాటికే 30 మిల్లీఆంప్స్‌కి పైగా పోతుంది. రిలేలు మిగిలిన దాంట్లోనే సర్దుకోవాలి.

చైన్‌లో, అంటే పెడల్స్ వరుసలో, ఎక్కడ ఉంటుంది? గిటార్ కేబుల్‌కి మీటరుకి సుమారు 100 పికోఫారడ్‌ల కెపాసిటెన్స్ ఉంటుంది. 2.5 హెన్రీల సింగిల్ కాయిల్ పికప్‌కి 6 మీటర్ల కేబుల్ తగిలిస్తే దాని మెరుపు, అంటే రెజొనెన్స్ పీక్, 4.1 కిలోహెర్ట్జ్ దగ్గర ఉంటుంది. కేబుల్ 12 మీటర్లయితే 2.9 కిలోహెర్ట్జ్‌కి దిగిపోతుంది. "ట్రూ బైపాస్ పెట్టినా టోన్ మందంగా ఉందేంటి" అని వాపోయేవాళ్ళ కథ ఇదే. ఎక్కడో ఒక బఫర్ (పికప్ మీద కేబుల్ బరువు పడకుండా సిగ్నల్‌ని ముందుకి నెట్టే చిన్న సర్క్యూట్) ఉంటే ఈ బాధ ఉండదు. స్టీరియో పెడల్స్ మామూలుగా చైన్ చివర్లో, బఫర్ తర్వాతే కూర్చుంటాయి. కాబట్టి ఇక్కడ "స్వచ్ఛమైన టోన్" పేరుతో ట్రూ బైపాస్ మీద పంతం పట్టాల్సిన పని లేదని నా అభిప్రాయం.

తోక కావాలా? డిలే, రివర్బ్ ఆఫ్ చేశాక చివరి ప్రతిధ్వని మెల్లగా చచ్చిపోవాలా, కత్తితో కోసినట్టు ఆగాలా? తోక కావాలంటే ట్రూ బైపాస్ పనికిరాదు. అది ఔట్‌పుట్‌నే తెంచేస్తుంది.

| | 4పీడీటీ | మామూలు రిలేలు రెండు | లాచింగ్ (పల్స్‌తో మారి అక్కడే నిలిచే) రిలేలు రెండు | చిప్ స్విచ్, బఫర్ |
|---|---|---|---|---|
| రెండు ఇన్, రెండు ఔట్ | ఎల్‌ఈడీకి వేరే ఉపాయం కావాలి | సరిపోతుంది | సరిపోతుంది | సరిపోతుంది |
| పవర్ పోతే | ఉన్నచోటే ఉంటుంది | బైపాస్‌కి వస్తుంది | ఉన్నచోటే ఉంటుంది | సిగ్నల్ ఆగుతుంది |
| స్విచింగ్‌కి కరెంటు | సున్నా | ఆన్‌లో 56 మిల్లీఆంప్స్ దాకా | మారేటప్పుడు మాత్రమే | అతి తక్కువ |
| తోక | కుదరదు | కుదరదు | కుదరదు | కుదురుతుంది |
| బ్యాటరీతో | బాగుంటుంది | వద్దు | బాగుంటుంది | బాగుంటుంది |
| కష్టం | వైరింగ్‌లో | మధ్యస్థం | ఎక్కువ, కోడ్ రాయాలి | సర్క్యూట్ అర్థం కావాలి |

## 4పీడీటీ: మొరటుది, నమ్మకమైనది

ఇందులో బోధపడనిది ఏమీ లేదు. తొక్కితే లోపల లోహం అటునుంచి ఇటు పడుతుంది. ఒక ఇన్‌పుట్, రెండు ఔట్‌పుట్‌ల పెడల్‌కి, అందులోనూ మొదటిసారి సోల్డరింగ్ పట్టుకున్నవాళ్ళకి, నేను దీన్నే చెప్తాను.

ఇబ్బంది అంతా తీగలతోనే. జాక్‌లు పెట్టె పైన, ఫుట్‌స్విచ్ కింద. ఆడియో తీగలన్నీ పై నుంచి కిందికి దిగి, మళ్ళీ పైకెక్కాలి. మూత వేసేసరికి ఆ కట్ట నూడుల్స్ పొట్లంలా అవుతుంది. ఎడమ తీగ కుడి తీగని ఆనుకుని పోతే ఒక వైపు శబ్దం రెండోవైపు లీలగా వినిపిస్తుంది. పన్నెండు కాళ్ళూ ఒకదానికొకటి దగ్గరగా ఉంటాయి కాబట్టి సోల్డరింగ్ ఐరన్ ఒక్కోచోట రెండు మూడు సెకన్లకి మించి ఆనించకండి. వేడెక్కితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడి స్విచ్ వాయిస్తుండగా మొరాయిస్తుంది.

పవర్ పోతే ఇది ఉన్నచోటే ఉండిపోతుంది. అంటే ఆన్‌లో ఉండగా ఎడాప్టర్ ఊడితే మౌనం. ఒకసారి తొక్కితే చాలు, గిటార్ వినిపిస్తుంది. దీన్ని నేను పెద్ద లోపంగా చూడను.

## రిలే: అసలు సంగతి ఇక్కడుంది

రెండు పోల్స్ ఉన్న చిన్న సిగ్నల్ రిలేలు రెండు తీసుకుంటే నాలుగు ఆడియో మార్పులూ అయిపోతాయి. ఒకటి ఎడమకి, ఒకటి కుడికి. ఒకటి ఇన్‌పుట్‌లకి, ఒకటి ఔట్‌పుట్‌లకి అని పంచేవాళ్ళూ ఉన్నారు. నేనైతే వైపుకొకటి పెడతాను. ఒక రిలే చెడినా రెండోవైపు పాట నడుస్తుంది, ఎడమ సిగ్నల్ కుడి సిగ్నల్ ఒకే డబ్బాలో ఒరుసుకోవు. ఒకే రిలేలో ఇన్‌పుట్, ఔట్‌పుట్ పక్కపక్కన ఉంటే బాగా గెయిన్ ఉన్న డిస్టార్షన్ సర్క్యూట్ కీచుమనే అవకాశం ఉంది. కోరస్, డిలే లాంటివాటికి ఆ భయం లేదు.

దీని పెద్ద సుఖం వైరింగ్‌లో ఉంది. రిలేలు జాక్‌ల పక్కనే బోర్డు మీద కూర్చుంటాయి. ఫుట్‌స్విచ్‌కి రెండే తీగలు పోతాయి, వాటిలో పారేది డీసీ మాత్రమే. ఆడియో కిందికి దిగాల్సిన పనే లేదు.

ఏ రిలే కొనాలన్నది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ కొంపలు ముంచేది ఇదే. పానసోనిక్ టీక్యూ2-5వీ కాయిల్ 5 వోల్టుల దగ్గర 28 మిల్లీఆంప్స్ తీసుకుంటుంది. చూడ్డానికి దానికి అన్నలా ఉండే ఓమ్రాన్ జీ5వీ-2లో మామూలు 5 వోల్టుల రకం 100 మిల్లీఆంప్స్ తీసుకుంటుంది. రెండు పెడితే మొదటిదానితో 56, రెండోదానితో 200. పెడల్స్‌లో 9 వోల్టుల్ని 5కి దించడానికి అందరూ వాడే 78ఎల్05 రెగ్యులేటర్ ఇవ్వగలిగేదే 100. అంటే కొట్లో చేతికొచ్చిన రిలే తెచ్చుకుంటే రెగ్యులేటర్ మారాలి, సప్లై మారాలి. అదే జీ5వీ-2లో హెచ్1 అని చివర ఉన్న రకం 30 మిల్లీఆంప్స్‌తో సరిపెట్టుకుంటుంది. పేరు చివరి అక్షరాలు వదిలేయకుండా చదవండి.

ఆర్డుయినో పాఠాల్లో కనిపించే నీలం రంగు చతురస్రపు రిలే మాత్రం వద్దు. అది 10 ఆంప్స్ లోడ్‌లకి చేసింది. మోటార్లు, బల్బులు వేసేటప్పుడు చిన్న నిప్పురవ్వ దాని కాంటాక్ట్ మీది పొరని తినేస్తూ ఉంటుంది. గిటార్ సిగ్నల్‌లో ఆ రవ్వ పుట్టేంత కరెంటు లేదు. కొన్నాళ్ళకి కాంటాక్ట్ మీద పొర పేరుకుని శబ్దం చిరచిరలాడుతుంది. సిగ్నల్ రిలేల్లో బంగారు పూత ఉండేది అందుకే.

### మైక్రోకంట్రోలర్ తప్పదా?

తప్పదని అందరూ అనుకుంటారు. ఏటీటైనీ85 కొనాలి, ప్రోగ్రామర్ కావాలి, కోడ్ రాయాలి అని భయపడి రిలే ఆలోచనే మానుకున్నవాళ్ళని చూశాను. నిజానికి ఏదీ అక్కర్లేదు. తొక్కితే అక్కడే నిలిచే మామూలు లాచింగ్ ఫుట్‌స్విచ్ ఒకటి తీసుకోండి. 5 వోల్టుల నుంచి రెండు కాయిల్స్‌కీ సమాంతరంగా ప్లస్ ఇచ్చి, వాటి మైనస్ తీగలు రెండూ కలిపి ఫుట్‌స్విచ్ ద్వారా గ్రౌండ్‌కి పంపండి. ఎల్‌ఈడీని దాని రెసిస్టర్‌తో సహా కాయిల్స్‌కి సమాంతరంగా పెట్టండి. ఒక్కో కాయిల్ మీద ఒక 1ఎన్4148 డయోడ్, గీత ఉన్న వైపు ప్లస్‌కి. రిలే ఆగినప్పుడు కాయిల్ విదిలించే వోల్టేజ్‌ని అది మింగేస్తుంది. అంతే, అయిపోయింది.

రెండు రిలేలూ ఒకే స్విచ్ మీద వేలాడుతున్నాయి కాబట్టి మా తమ్ముడికి జరిగినట్టు ఒకటి అటు ఒకటి ఇటు అయ్యే దారే లేదు. పైగా కోడ్ రాయకుండానే జ్ఞాపకశక్తి వస్తుంది. హాల్లో కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు రిలేలు బైపాస్‌కి జారుకుంటాయి. కరెంటు రాగానే స్విచ్ ఎక్కడ ఉందో అక్కడికే తిరిగి వస్తాయి. మైక్రోకంట్రోలర్ అయితే స్థితిని దాని మెమరీలో దాచే కోడ్ మీరే రాయాలి, లేకపోతే ప్రతిసారీ బైపాస్‌లోనే మేలుకుంటుంది. మిక్సర్ యూపీఎస్ మీద, పెడల్‌బోర్డ్ గోడ ప్లగ్ మీద ఉండే చోట్ల ఇది మాటిమాటికీ ఎదురవుతుంది.

నష్టం ఏమిటంటే, స్విచ్ టక్కుమంటుంది, కాలికి గట్టిగా తగులుతుంది. మెత్తగా నొక్కుకునే మొమెంటరీ స్విచ్‌తో ఆన్, ఆఫ్ చేయాలన్నా, దానితోపాటు నొక్కిపట్టినంతసేపే ఎఫెక్ట్ రావడం కూడా కావాలన్నా మైక్రోకంట్రోలర్ పెట్టడమే సులువు. అప్పుడు ఒక్కటే పెట్టండి, రెండు రిలేలనీ అదే నడపాలి. దాని పిన్ నుంచి నేరుగా 56 మిల్లీఆంప్స్ లాగకూడదు. ఏటీటైనీ పిన్‌కి గరిష్ఠ పరిమితే 40. మధ్యలో ఒక 2ఎన్7000 ట్రాన్సిస్టర్ పెట్టండి. స్విచ్ కొట్టుకోవడం సర్దుకునేదాకా కోడ్‌లో 20 నుంచి 50 మిల్లీసెకన్లు ఆగితే చాలు.

### రెండు పోల్స్‌తోనే ఇన్‌పుట్‌ని గ్రౌండ్ చేయడం

బైపాస్‌లో ఉన్నప్పుడు సర్క్యూట్ ఇన్‌పుట్ గాలిలో వేలాడితే సన్నని రొద పక్క తీగల్లోకి పాకవచ్చు. దాన్ని గ్రౌండ్ చేయడానికి ఇంకో పోల్ కావాలనిపిస్తుంది కానీ అక్కర్లేదు. మొదటి పోల్ కామన్‌ని (అటూ ఇటూ మారే కాంటాక్ట్ ఉన్న కాలు) సర్క్యూట్ ఇన్‌పుట్‌కి, రెండో పోల్ కామన్‌ని ఔట్‌పుట్ జాక్‌కి కలపండి. ఇన్‌పుట్ జాక్ తీగని రెండు చోట్లకి పంచండి: మొదటి పోల్‌లో రిలే లాగినప్పుడు తగిలే కాంటాక్ట్‌కి, రెండో పోల్‌లో రిలే వదిలినప్పుడు తగిలే కాంటాక్ట్‌కి. మిగిలినవి రెండు. మొదటి పోల్‌లో వదిలినప్పుడు తగిలేది గ్రౌండ్‌కి, రెండో పోల్‌లో లాగినప్పుడు తగిలేది సర్క్యూట్ ఔట్‌పుట్‌కి. కాగితం మీద ఒకసారి గీసుకుంటే వెంటనే బుర్రకెక్కుతుంది.

### టప్పుమనే శబ్దం

రిలే పెడల్స్ మీద వచ్చే ఫిర్యాదుల్లో మొదటిది ఇదే. దానికి కారణం ఒక్కటి కాదు. సిగ్నల్‌ని పోనిచ్చి డీసీని ఆపే కప్లింగ్ కెపాసిటర్ కాస్త లీక్ అయితే దాని బయటి కాలు మీద వోల్టేజ్ పేరుకుంటుంది, స్విచ్ తగలగానే అది స్పీకర్లోకి దూకుతుంది. సర్క్యూట్ రెండు ఇన్‌పుట్‌లకీ రెండు ఔట్‌పుట్‌లకీ ఒక్కో 1 మెగఓమ్ రెసిస్టర్ గ్రౌండ్‌కి పెట్టండి, చాలావరకు పోతుంది. రెండోది, కాయిల్ కరెంటు ఆడియో గ్రౌండ్ తీగలోంచి వెనక్కి రావడం. కాయిల్స్ గ్రౌండ్‌ని వేరే తీగతో తిన్నగా డీసీ జాక్ దగ్గరికి తెచ్చుకోండి. పీటీ2399కి, రిలేలకి ఒకే రెగ్యులేటర్ పెట్టడం కూడా ఈ కోవలోదే; విడివిడిగా పెట్టండి.

ఇవన్నీ చేశాక కూడా సన్నగా "టిక్" వినిపిస్తే అది కాంటాక్ట్ ఒకవైపు వదిలి రెండోవైపు తగిలేలోపు ఉండే ఖాళీ. దానికి మ్యూట్ కావాలి. టీఎల్‌పీ222 లాంటి ఆప్టో స్విచ్‌తో, మారే ఆ కొన్ని మిల్లీసెకన్లపాటు ఔట్‌పుట్‌ని గ్రౌండ్‌కి లాగి వదలాలి. మైక్రోకంట్రోలర్ తన డబ్బులకి తగిన పని చేసేది ఇక్కడే. స్టీరియోలో ఇవి రెండు కావాలి. స్టేజీ మీద వాయించేవాళ్ళకి ఇంత దూరం అవసరం లేదనే అంటాను. డ్రమ్స్ మధ్యలో ఆ టిక్ ఎవరికీ వినపడదు.

## లాచింగ్ రిలే

తక్కువ మాటల్లో చెప్పేస్తాను. ఒక పల్స్ ఇస్తే మారి, కరెంటు లేకుండానే అక్కడే నిలబడుతుంది. మామూలు 9 వోల్టుల ఆల్కలైన్ బ్యాటరీలో ఉండేది 500 మిల్లీఆంప్ అవర్స్ అటూ ఇటూ, మామూలు రిలేలు రెండు దాన్ని పది గంటలైనా బతకనివ్వవు. లాచింగ్ రిలేలు ఆ బాధ తప్పిస్తాయి. కానీ పవర్ పోతే ఉన్నచోటే నిలబడిపోతాయి, అదీ మౌనంలో. 4పీడీటీ అయితే కాలితో తొక్కి బయటపడొచ్చు, ఇక్కడ తొక్కినా పలకదు. దీనికి మందు ఉంది. 470 మైక్రోఫారడ్‌ల కెపాసిటర్‌లో కాస్త విద్యుత్తు దాచుకుని, పవర్ పడిపోతోందని పసిగట్టగానే చివరి పల్స్ ఇచ్చి బైపాస్‌కి పంపడం. 20 మిల్లీఆంప్స్ కాయిల్స్ రెండింటికి 10 మిల్లీసెకన్ల పల్స్ ఇస్తే ఆ కెపాసిటర్ వోల్టేజ్ 0.85 వోల్టు తగ్గుతుంది, అంటే 5 నుంచి మొదలైతే పని జరుగుతుంది. ఇలాంటివి కట్టడం సరదాగా ఉండేవాళ్ళు కట్టుకోండి. పెడల్ వాయించుకోవడానికి కడుతున్నవాళ్ళకి ఇది అనవసరపు తలనొప్పి.

## చిప్ స్విచ్, బఫర్‌తో

బాస్ కంపెనీ 1977లో తెచ్చిన కాంపాక్ట్ పెడల్స్ నుంచి ఇప్పటిదాకా ఈ కుటుంబానిదే రాజ్యం. అవి జేఫెట్‌లతో (ఒక రకం ట్రాన్సిస్టర్లతో) చేశాయి. ఇంట్లో కట్టేవాళ్ళకి సీడీ4053 అనే స్విచ్ చిప్ సులువు. ఒక్క చిప్‌లో మూడు స్విచ్‌లు ఉంటాయి. రెండు వైపులా ఇన్‌పుట్‌కి ఒక్కో బఫర్ పెట్టి (ఒక టీఎల్072 ఆప్-ఆంప్ చిప్ రెండింటికీ చాలు), దాని ఔట్‌పుట్‌ని ఎఫెక్ట్‌కి, బైపాస్ దారికి పంచి, చివర్లో ఒక్కో స్విచ్‌తో ఏది బయటికి పోవాలో ఎంచుకోవాలి. రెండు స్విచ్‌లు వాడితే మూడోది ఎల్‌ఈడీ ట్రాన్సిస్టర్‌ని నడపడానికి మిగులుతుంది. తోక కావాలంటే ఔట్‌పుట్‌ని కదపకుండా, డిలేలోకి వెళ్ళే దారిని మాత్రం తెంచండి.

ఒక్కటి గుర్తుపెట్టుకోవాలి. ఈ చిప్ లోంచి పోయే సిగ్నల్ దాని సప్లై హద్దులు దాటకూడదు. 9 వోల్టుల మీద నడిపితే ఆడియోని 4.5 వోల్టుల మీద కూర్చోబెట్టాలి, బయటికి వచ్చేచోట కెపాసిటర్‌తో విడదీయాలి. స్విచ్‌కి నూరు ఓమ్‌ల పైచిలుకు రెసిస్టెన్స్ ఉంటుంది కానీ బఫర్ తర్వాత అది లెక్కలోకి రాదు. పవర్ పోతే మాత్రం పెడల్ మూగబోతుంది, దానికి మందు లేదు.

ఇంట్లో ఆడియో ఇంటర్‌ఫేస్‌లోకి వాయించి రికార్డ్ చేసుకునేవాళ్ళకి నేను కళ్ళు మూసుకుని దీన్నే చెప్తాను. రిలే తన డబ్బాలో తాను టిక్కుమనే చప్పుడు కూడా పక్కన మైక్ తెరిచి ఉంటే రికార్డ్ అవుతుంది. ఇందులో చప్పుడే లేదు.

## ఒక గిటార్, రెండు ఆంప్‌లు: అందరూ మరిచిపోయే చిక్కు

రెండు ఇన్‌పుట్‌ల పెడల్‌కి మోనో గిటార్ పెట్టినా రెండువైపులా శబ్దం రావాలంటే, కుడి ఇన్‌పుట్‌కి స్విచ్ ఉన్న జాక్ వాడి, అందులో ప్లగ్ లేనప్పుడు ఎడమ సిగ్నల్ అక్కడికి వచ్చేలా కలుపుతాం. ఇది రిలేల కంటే ముందే, జాక్‌ల దగ్గరే జరగాలి. లేకపోతే బైపాస్‌లో కుడివైపు ఖాళీ.

అలా కలిపి ట్రూ బైపాస్ చేస్తే ఆఫ్‌లో ఉన్నప్పుడు మీ పికప్ రెండు కేబుళ్ళనీ రెండు ఆంప్‌లనీ తానే మోయాలి. రెండు 1 మెగఓమ్ ఇన్‌పుట్‌లు కలిసి 500 కిలోఓమ్‌లు, కేబుల్ కెపాసిటెన్స్ కూడా పెరుగుతుంది. ఆన్ చేస్తే మెరిసే టోన్ ఆఫ్ చేయగానే చప్పబడుతుంది. ముందు ఒక బఫర్ ఉంటే ఈ గొడవే లేదు.

ఇక హమ్. జామ్ రూములో రెండు ఆంప్‌లు రెండు వేర్వేరు ప్లగ్‌ల్లో ఉంటే, వాటి ఎర్త్‌లు గోడలో ఒకసారి, మీ పెడల్‌లో ఒకసారి కలిసి చుట్టు ఏర్పడుతుంది, గుయ్యిమంటుంది. ఏ బైపాస్ పద్ధతీ దీన్ని ఆపలేదు. ముందు రెండు ఆంప్‌లనీ ఒకే స్పైక్ బస్టర్‌లో పెట్టి చూడండి. పోకపోతే ఒక ఔట్‌పుట్‌కి ఆడియో ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ పెట్టండి. ఆంప్ ప్లగ్ ఎర్త్ పిన్ తీసేస్తే హమ్ పోతుందని ఎవరైనా సలహా ఇస్తే వినొద్దు. అది ప్రాణాలతో చెలగాటం.

## ఎస్పీ రోడ్‌కి వెళ్ళేముందు

ఎస్పీ రోడ్ అంటే బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు దొరికే వీధి. ఆదివారం వెళ్ళకండి, చాలా షాపులు మూసి ఉంటాయి. మెట్రోలో చిక్‌పేట్‌లో దిగితే నడిచేంత దూరం. జాక్‌లు, రెసిస్టర్లు, 78ఎల్05, 1ఎన్4148, అడాప్టర్ సాకెట్ అన్నీ ఒకే వీధిలో దొరుకుతాయి. సిగ్నల్ రిలే దగ్గరే పేచీ. నేను మొదటిసారి వెళ్ళినప్పుడు కౌంటర్ మీద పెద్దాయన నీలం డబ్బా ఒకటి తీసి పెట్టాడు. "చిన్నది, రెండు పోల్స్‌ది కావాలి" అంటే లోపలికి వెళ్ళి అచ్చం నాకు కావాల్సిన సైజుదే తెచ్చాడు. తీసుకుని ఇంటికొచ్చాక చూస్తే 12 వోల్టులది. ఈ రిలేలు రాసి ఉన్న వోల్టేజ్‌లో 75 శాతం దగ్గర లాగుతాయని హామీ. 12లో 75 శాతం సరిగ్గా 9. ఎడాప్టర్ కాస్త నీరసపడితే లాగదు. బల్ల మీద పనిచేసి స్టేజీ మీద మోసం చేసే రకం. 5 వోల్టులది లేదంటే 9 వోల్టుల కాయిల్ అడగండి. అది 15.5 మిల్లీఆంప్స్‌తో నేరుగా ఎడాప్టర్ మీదే నడుస్తుంది, రెండింటికి 31, రెగ్యులేటర్ కూడా మిగులుతుంది. అక్కడ దొరక్కపోతే ఆన్‌లైన్‌లో పార్ట్ నంబర్ పూర్తిగా టైప్ చేసి వెతకడమే మేలు.

పెట్టె విషయంలో పిసినారితనం వద్దు. నాలుగు జాక్‌లు, రెండు రిలేలు, బోర్డు కలిపి 125బీ సైజులో ఇరికించాలని నేను ఒక రాత్రంతా కుస్తీ పట్టాను. అంతకంటే వెడల్పైన 1590బీబీ తీసుకోండి. ఫుట్‌స్విచ్‌కి 12 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి, దానికి స్టెప్ డ్రిల్ బిట్ ఒకటి కొనుక్కుంటే అల్యూమినియం చిరగదు.

## అయితే ఎవరు ఏది?

ఒక ఇన్‌పుట్, రెండు ఔట్‌పుట్‌లు, మొదటి పెడల్: 4పీడీటీ. రెండో ఆలోచన వద్దు.

చర్చిలో, ఈవెంట్లలో డీఐ బాక్సుల (సిగ్నల్‌ని మిక్సర్‌కి తగ్గట్టు మార్చే డబ్బాల) ద్వారా మిక్సర్‌లోకి స్టీరియోగా వాయించేవాళ్ళు: మామూలు రిలేలు రెండు, లాచింగ్ ఫుట్‌స్విచ్, మైక్రోకంట్రోలర్ లేకుండా. పవర్ పోయి వచ్చినా ఆలోచించాల్సిన పని లేదు.

డిలే, రివర్బ్ కట్టేవాళ్ళు, ఇంట్లో రికార్డ్ చేసుకునేవాళ్ళు: బఫర్, సీడీ4053. రిలే మీద ఎంత మోజున్నా సరే.

చైన్ మొదట్లో కూర్చునే స్టీరియో ఫజ్ (ఒక రకం మొరటు డిస్టార్షన్) లాంటి వింతలు కట్టేవాళ్ళకి ట్రూ బైపాస్ నిజంగా అవసరమే. ఫజ్‌కి ముందు బఫర్ ఉంటే దాని స్వభావమే మారిపోతుంది. రిలే పెట్టుకోండి, ఇన్‌పుట్ గ్రౌండ్ చేసే వైరింగ్ మరవకండి.

బ్యాటరీ మీద వీధిలో, కాలేజీ ఫెస్టుల్లో వాయించేవాళ్ళకి 4పీడీటీ, లేదా ఓపిక ఉంటే లాచింగ్ రిలే.

రిలే తీసుకుంటే, సోల్డర్ చేసేముందు ఐదు నిమిషాలు మల్టీమీటర్‌తో కూర్చోండి. టీక్యూ2-5వీ కాయిల్ పిన్‌ల మధ్య 178 ఓమ్‌ల చుట్టుపక్కల చూపించాలి. బజర్ మోడ్‌లో ఏ రెండు కాళ్ళు కూస్తున్నాయో రాసుకుని, కాయిల్‌కి 5 వోల్టులు ఇచ్చి మళ్ళీ చూడండి. టిక్కుమనకపోతే కంగారుపడకండి, ఈ రకం కాయిల్‌కి ప్లస్, మైనస్ ఉంటాయి, తిరగేసి ఇస్తే పలకదు. పాడైందనుకుని నేను ఒకటి చెత్తబుట్టలో వేసి, డేటాషీట్ చదివాక రాత్రి పదకొండింటికి బుట్టంతా గాలించి తీశాను. మా తమ్ముడి పెడల్‌లో ఎడమవైపు ఇప్పుడు ఉన్నది అదే.